కమలాక్షమ్మ బొట్టు

ఎలిజబెత్ టీచర్ బుద్ధెరిగాక ఏనాడూ నుదుట బొట్టు పెట్టుకోలేదు. పెళ్లినాడూ పెట్టుకోలేదు, భర్త యెషయా బతికున్న రోజుల్లోనూ పెట్టుకోలేదు. చర్చిలో అది పద్ధతి కాదు, అంతే. అలాంటి మనిషి వేరొకావిడ బొట్టు కోసం ఒక వేసవంతా ఊరి పెద్దలతో పోట్లాడిందంటే, కందకు లేని దురద కత్తిపీటకెందుకని నలుగురూ అనుకోవడం సహజమే. నంద్యాలలో ఆమె వీధివాళ్లు ఆ మాట మొహం మీదే అన్నారు. ఆమె వినిపించుకోలేదు. ఏడు పదులకు దగ్గరపడిన వయసు, షుగరు, అరిగిపోయిన మోకాళ్లు. ఇన్ని పెట్టుకుని కూడా వారానికోసారి బస్సెక్కి ఆళ్లగడ్డ అవతలి ఊరికి పోయి పోట్లాడి వచ్చేది.

ఆ బొట్టు కమలాక్షమ్మది. కమలాక్షమ్మ ఎవరని అడిగితే ఈ కాలంలో చెప్పగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా మిగల్లేదు.

ఆళ్లగడ్డ దాటి చాగలమర్రి పోయే దారిలో తుమ్మలదిన్నె అనే ఊరుంది. ఆ ఊళ్లో పెద్దింటి ఆడబిడ్డ కమలాక్షమ్మ. ఈడేరీ ఈడేరకముందే మొగుడు పోయాడు. ఆయన మొహం తనకు సరిగ్గా గుర్తే లేదని ఆవిడే చెప్పి నవ్వేది. గుర్తులేని మొహం కోసం జుట్టు తీయించి, తెల్లబట్ట చుట్టి, వంటింటి వెనక చీకటి గదిలో కూర్చోబెట్టారు. క్విట్ ఇండియా ఏడాది ఆ గదిలోంచి లేచి, ఆళ్లగడ్డ పోయి, తాలూకా కచేరీ ముందు జెండా పట్టుకుని నిలబడింది. పోలీసులు పట్టుకుపోయి వేలూరు జైల్లో పెట్టారు. ఇంట్లోనూ గదే, అక్కడా గదే, కాకపోతే అక్కడ మాట్లాడ్డానికి మనుషులున్నారు అనేది. జైలు నుంచి తిరిగొచ్చేనాటికి తల మీద జుట్టు పెరిగింది. నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ ఉంది. తండ్రి గడపకు అడ్డం నిలబడ్డాడు.

"అది తుడుచుకోని లోపలికి రా" అన్నాడు.

"తుడుచుకోను నాయనా" అని వెనక్కి తిరిగింది. ఆ తర్వాత చచ్చేదాకా ఆ గడప తొక్కలేదు.

తల్లి చాటుమాటుగా తన పేరున ఉన్న రోడ్డువారి చేను కూతురికి రాసిచ్చింది. కమలాక్షమ్మ అందులో కొట్టాలు వేసి ఆడపిల్లలకు హాస్టల్ పెట్టింది. అన్ని కులాల పిల్లలకని పెట్టింది గానీ పెద్ద కులాలవాళ్లు ఎవరు పంపుతారు? మాలవాడ, మాదిగవాడ పిల్లలే నిండారు. నీళ్లకు ఒకటే బావి, అన్నానికి ఒకటే బంతి. ఆ బావిలో ఎవరో చచ్చిన కుక్కను వేస్తే, తనే నడుముకు తాడు కట్టుకుని దిగి, బావంతా తోడించి, మొదటి చెంబు నీళ్లు తనే తాగింది. ప్రభుత్వం ఆమెకు తామ్రపత్రం ఇచ్చింది. దాన్ని తెచ్చి పెరుగుదుత్త మీద మూత పెట్టింది. సరిగ్గా సరిపోయిందని సంతోషించింది కూడా.

ఎలిజబెత్ ఆ ఊరి మాలవాడ పిల్లే. కూలికి పోయే తండ్రి సంజీవయ్య ఆమెను చిన్నతనంలో చెయ్యిపట్టుకుని తెచ్చి ఆ హాస్టల్లో వదిలాడు. పిల్లలందరికీ కమలాక్షమ్మ పెద్దమ్మే. రోజూ పొద్దున స్నానం చేసి, అద్దం అక్కర్లేకుండా నుదుట బొట్టు దిద్దుకునేది. ఊళ్లో మొగుడు పోయిన ఆడవాళ్లు ఆ బొట్టును చూసి కొందరు ఉమ్మేవాళ్లు, కొందరు చీకటిపడ్డాక వచ్చి ఆమె దగ్గర కూర్చుని ఏడ్చేవాళ్లు. వాళ్లకు ఆమె చెప్పే మాట ఒకటే.

"ఇది మొగుడిచ్చింది కాదే, మొగుడు తీస్కపోనీకి."

ఎలిజబెత్ టీచర్ ట్రైనింగ్ అయిందీ, నంద్యాలలో ఉద్యోగం చేసిందీ, తన పేరు తను రాసుకోగలిగిందీ ఆ బొట్టు చలవే. పెద్దమ్మ పోయాక హాస్టల్ మూతపడింది. కొట్టాలు కూలిపోయాయి. బావిని పూడ్చి సాపు చేశారు. చేను మళ్లీ పెద్దింటివాళ్ల చేతికే పోయి, వాళ్లు అక్కడ మొక్కజొన్న కంకులు ఆరబోసుకోవడం మొదలుపెట్టారు. తను కూడా పోతే కమలాక్షమ్మ అనే మనిషి ఈ భూమ్మీద పుట్టిందని చెప్పే నోరే ఉండదని ఎలిజబెత్‌కు ఒక బెంగ పట్టుకుంది. పెద్దమ్మ ఎట్లా ఉండేదో అట్లా, అదే బొట్టుతో, అదే చోట విగ్రహంగా నిలబెట్టాలి. ముసలితనంలో కొందరికి కాశీ మీద మనసు పోతుంది. ఈమెకు దీని మీద పోయింది.

పాత విద్యార్థులంతా తలా ఒక చెయ్యి వేశారు. పెద్దింట్లో ఇప్పుడు పెత్తనం చేసేది సందీప్. కమలాక్షమ్మకు అన్న మనవడు. రోడ్డువారన కాస్త చోటివ్వడానికి ఒప్పుకున్నాడు. స్వాతంత్ర్య సమరయోధురాలు తమ ఇంటి మనిషంటే ఎన్నికలప్పుడు పనికొస్తుంది కదా. పేచీ అంతా బొట్టు దగ్గరే వచ్చింది.

"బొట్టొద్దు టీచర్" అన్నాడు సందీప్. "ముండమోసిన మనిషికి బొట్టు పెట్టి రోడ్డు మీద నిలబెట్టినారని మా బంధువులు నగుతారు."

"ఆమె పెట్టుకునింది సందీప్. ఫొటోలో చూడు."

ఉన్నది ఒకటే ఫొటో. అందులో నుదుటి మీద ఉన్నది బొట్టో చెదలు తిన్న మచ్చో దేవుడికే తెలియాలి.

"మీకే బొట్టు లేదు, మా అవ్వ బొట్టు గురించి మీకెందుకు ఇంత?"

"నాకు లేకపోతే ఎవురూ అడగరు. ఆమె బొట్టు కోసం ఇల్లు పోగొట్టుకునింది. అది తీసేస్తే ఆ రాయి ఎవురిదైనా కావొచ్చు."

చివరికి సందీప్ విసిగిపోయి సరేనన్నాడు. ఎలిజబెత్ గెలిచింది. ఆ గెలుపు గురించి ఆమె నంద్యాల అంతా చెప్పుకుంది.

ఆళ్లగడ్డలో రోడ్డు పొడుగునా శిల్పుల షెడ్లే. రేకుల కింద సగం చెక్కిన ఆంజనేయులు, ముక్కులేని నందులు, తెల్లటి రాతిదుమ్ములో మునిగిన మనుషులు. అందులో మద్దిలేటి చెయ్యి మంచిదని పేరు. ఆయన ఫొటోను అటూ ఇటూ తిప్పి చూసి, మనిషి బొమ్మకు సిమెంటు చాలు కదమ్మా అన్నాడు.

"సిమెంటు ఎన్నాళ్లుంటాది? నల్లరాయిలో చెయ్యి."

"నల్లరాయి దేవుండ్లకమ్మా."

"మా పెద్దమ్మ ఏ దేవునికి తక్కువ?"

ఆ మాట ఆమె గర్వంగా అంది. మద్దిలేటి రాయి కొలతలు రాసుకున్నాడు. కస్టమర్‌తో వాదించే అలవాటు ఆయనకు లేదు.

మొహం, భుజాలు, చేతులు, చీర మడతలు, నుదుట ఉబ్బెత్తుగా గుండ్రటి బొట్టు, అన్నీ అయ్యాయి. కళ్లు మాత్రం నున్నగా, కనుపాప లేకుండా వదిలేశాడు. ఆ పని ఆఖర్న, మంచి ఘడియ చూసి చేస్తారట. ఆ రోజు పొద్దున్నే రమ్మని ఎలిజబెత్‌కు కబురుపెట్టాడు. తీరా పోతే ఆమె చేతికి ఒక అద్దం ఇచ్చాడు.

"ఇది పట్టుకోని ఎదురుగా నిలబడమ్మా. కండ్లు తెరిసినప్పుడు మొట్టమొదట తన మొగమే తను చూసుకోవల్ల. నీకంటే ఆమెకు కావాల్సినోళ్లు ఎవురుండారు?"

ఇది శిల్పుల ఆనవాయితీ కాబోలు అనుకుంది ఎలిజబెత్. ఏ బొమ్మకైనా ఇట్లాగే చేస్తారేమో అనుకుంది. అడగలేదు. అద్దం పట్టుకుని నిలబడింది. మద్దిలేటి చెప్పులు విడిచి, మనసులో ఏదో అనుకుని, సన్నటి ఉలితో రెండు కళ్లలో కనుపాపలు దిద్దాడు. దుమ్ము ఊది పక్కకు జరిగాడు. పెద్దమ్మ చూస్తోంది. అచ్చం హాస్టల్లో ఎక్కాలు అప్పజెప్పించుకునేటప్పటి చూపు. ఎలిజబెత్ ఒళ్లంతా ఝల్లుమంది. "పెద్దమ్మా" అని చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. ఆమెకు ఆమాత్రం సంతోషం కలిగి చాలా ఏళ్లయింది.

విగ్రహాన్ని రోడ్డువారన నిలబెట్టారు. కింద దిమ్మ మీద పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, స్వాతంత్ర్య సమరయోధురాలు, సంఘసంస్కర్త అని చెక్కించింది. పెద్దలెవరో వచ్చి పూలదండ వేసి, ఆవిడ గురించి ఏమీ తెలియకుండానే చాలాసేపు మాట్లాడిపోయారు. ఆ సాయంత్రం వాన పడింది. ఆ ఏడు వానకారు మొదలయ్యాక అదే మొదటి వాన. ఎలిజబెత్ తడుస్తూ నవ్వుకుంటూ బస్సెక్కింది. ఆ వాన తన కొంప ముంచబోతోందని ఆమెకేం తెలుసు?

ఆ తర్వాత మోకాలికి ఆపరేషన్ అయింది. అది సరిగ్గా కుదరక మళ్లీ ఆస్పత్రి పాలైంది. ఏడాదికి పైగా నంద్యాల దాటలేదు. తుమ్మలదిన్నె సంగతులు శాంతమ్మ ఫోనులో చెప్పేది. శాంతమ్మ హాస్టల్లో ఆమెతో ఒకే చాప మీద పడుకున్న మనిషి. ఐదో తరగతితో చదువు మానేసి, అదే ఊరి ఎస్సీ కాలనీలో ఉంటూ, జీవితమంతా కలుపు తీసింది. "పెద్దమ్మకు శానా బాగా జరుగుతాండాది ఎలిజబెత్. శుక్రవారమొస్తే జనం సందు లేదు" అనేది. దండలు వేస్తున్నారు కాబోలు అనుకుని ఎలిజబెత్ పొంగిపోయేది.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని సామెత. కోతి అయినా ఫరవాలేదు, నవ్వుకుని ఊరుకోవచ్చు. మనిషిని చేయబోతే దేవత అయితే ఏం చేయాలో ఏ సామెతా చెప్పలేదు.

కర్ర పట్టుకుని నడవగలిగిన మొదటి శుక్రవారం ఎలిజబెత్ తుమ్మలదిన్నెలో బస్సు దిగింది. తను నిలబెట్టిన చోటు ఆమెకు కనబడలేదు. అక్కడ రేకుల షెడ్డు, ముందు ఇనుప గ్రిల్లు, గ్రిల్లుకు వేలాడే గాజులు, పసుపు గుడ్డలు. లోపల పెద్దమ్మ మొహం నిండా పసుపు. నల్లరాయి ఒక్కచోటా కనబడడం లేదు. పట్టుచీర కట్టారు. కళ్లకు వెండి రేకులు తొడిగారు. బొట్టు మీద బొట్టు, దాని మీద బొట్టు మెత్తి దోసెడు కుంకుమ నుదుటికి అంటుకుని ఉంది. దిమ్మకు చుట్టూ నెమళ్ల బొమ్మలున్న టైల్స్ పరిచారు. పేరు లేదు. మెడలో పసుపుతాడు వేలాడుతోంది.

ఎలిజబెత్ కర్ర ఊతంగా ఆ తాడు వైపు రెండడుగులు వేసింది.

సందీప్ భార్య శ్రీవాణి హారతి పళ్లెంతో ఎదురొచ్చింది. మంచిపిల్ల, నవ్వుమొహం. "రాండి టీచర్, ఎన్నాళ్లకు. అమ్మవారు పిలిపిచ్చుకున్నట్టుంది" అంది.

"ఏ అమ్మవారు?"

"పేరంటాలమ్మ. మా ఇంటి ఆడబిడ్డే అంట. మొగుడు పోయిన దినమే ఆయనతోపాటు పోయిందంట, అంత పతివ్రత. ఒక సోదెమ్మ వచ్చి చెప్పింది. లేకపోతే పెట్టిన దినమే వాన యాడిది?"

మొగుడు పోయాక యాభై ఏళ్లకు పైగా బతికిన మనిషి. జైలుకు పోయిన మనిషి. బావిలో దిగిన మనిషి. ఆ బతుకంతా ఒక్క మాటతో ఊడ్చేసి, మొగుడితో పాటు చితి మీద పడుకోబెట్టేశారు. ఆ మాట చెబుతున్న పిల్ల మొహంలో భక్తి తప్ప ఏమీ లేదు. అదే భరించలేకపోయింది ఎలిజబెత్. ఆ పసుపుతాడు తీసేయాలని గబగబా మెట్టు మీద కాలు పెట్టబోయింది.

శ్రీవాణి మృదువుగా మోచేయి పట్టుకుని ఆపింది.

"చెప్పులిడిసి ఆడ్నే నిలబడండి టీచర్. మీకు మోకాలు నొప్పి గదా, మెట్లెక్కబాకండి."

ఉన్నవి రెండే మెట్లు. ఎలిజబెత్ చుట్టూ చూసింది. తను నిలబడిన బండల మీదే కాలనీ ఆడవాళ్లందరూ నిలబడి ఉన్నారు. వాళ్లెవరికీ మోకాళ్ల నొప్పుల్లేవు. అక్కడే ఆగమని ఎవరూ చెప్పలేదు, బోర్డు పెట్టలేదు. వాళ్ల మధ్యలో శాంతమ్మ కొబ్బరికాయ పట్టుకుని నవ్వుతూ చెయ్యి ఊపింది.

ఎలిజబెత్ సందీప్‌ను వెతికి పట్టుకుంది. కనీసం దిమ్మ మీద పేరైనా కనబడేట్టు టైల్స్ తీయించమని అడిగింది.

"తీస్తే పగిలిపోతాయి టీచర్. పేరు కిందనే ఉండాది గదా, యాడికి పోతాది?" అన్నాడు సందీప్. ఒకప్పుడు బొట్టే వద్దన్నవాడు ఇప్పుడు నుదుట అమ్మవారి కుంకుమ అడ్డంగా పెట్టుకుని ఉన్నాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. ఇక్కడ కాళ్లు అతనికి బాగానే అందాయి.

అటునుంచి అటే ఆటో చేసుకుని ఆళ్లగడ్డ పోయింది. మద్దిలేటి ఒక వినాయకుడి తొండం దిద్దుతున్నాడు. ఆమె కూర్చోను కూడా లేదు.

"మద్దిలేటీ, వచ్చి ఆ బొట్టు చెక్కేయి నాయనా."

ఆయన ఉలి దించాడు. "ఏందమ్మా?"

"బొట్టు తీసేయి. నున్నగా చేసేయి. బొట్టు లేకపోతే పేరంటాలు కాదు గదా. మళ్లీ మనిషయిపోతాది."

ఏ బొట్టు కోసం వేసవంతా పోట్లాడిందో ఆ బొట్టే తీసేయమంటోంది. వెనకటికి గడపలో నిలబడి పెద్దమ్మ తండ్రి అడిగింది కూడా ఇదే. ఆ సంగతి ఎలిజబెత్‌కు తెలుసు. తెలిసే అడిగింది.

"కండ్లు తెరిసినంక ఉలి తాకియ్యకూడదమ్మా" అన్నాడు మద్దిలేటి. "నా చెయ్యి పడిపోతాది. మా నాయన చెయ్యలా, వాళ్ల నాయన చెయ్యలా."

"నేను మనిషిని చేయమన్నా. దేవతను కాదు."

"నువ్వు మనిషనే చెప్పినావు. మనిషి బొమ్మకు సిమెంటు చాలంటి, నల్లరాయి అంటివి. ఈ పక్క రాతిలో బొట్టుండే ఆడమనిషంటే అమ్మవారు, కాకపోతే పేరంటాలు. ఇంకెవురూ లేరు. అద్దం చేతికిస్తే పట్టుకుంటివి. వద్దంటే మానేసేవాణ్ణి గదమ్మా."

"మనుషులకు కండ్లు తెరవరా మీరు?"

"నాయకుల బొమ్మలా? వాటికి పెయింటేస్తాం."

ఆయన గొంతులో ఎగతాళి లేదు. పాపం నిజంగానే బాధపడ్డాడు. నీళ్ల బాటిల్ ఇచ్చి, స్టూలు తెచ్చి వేసి, ఇంకో బొమ్మ సిమెంటుతో ఊరికే చేసిస్తానన్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో ఇద్దరికీ తోచలేదు. ఆ స్టూలు మీద కూర్చుని ఎలిజబెత్ చాలాసేపు ఏడ్చింది. తవ్విన గొయ్యి తనదే. పార కూడా ఎవరూ అందివ్వలేదు.

మళ్లీ శుక్రవారం ఇంకోసారి పోయింది. ఈసారి నిజం చెప్పి వద్దామని పోయింది. జనం కిక్కిరిసి ఉన్నారు. ఎక్కడో దూరాన ఉన్న పగిడ్యాల నుంచి, మిడుతూరు నుంచి కూడా ఆటోలు కట్టుకుని వచ్చారు. సందీప్ మైకు పట్టుకుని ఉన్నాడు. ఆమెను చూడగానే అతని మొహం వెలిగింది.

"ఇదో, ఈ టీచరమ్మే అమ్మవారి రాయి కొట్టిచ్చింది. అమ్మవారు ఈమె కలలోకి వచ్చి, నన్ను నిలబెట్టు అని చెప్పింది" అన్నాడు మైకులో.

జనం చేతులు జోడించారు. ఎవరో ముసలామె వంగి ఎలిజబెత్ కాళ్లకు మొక్కింది. తనను కూడా ఆ పసుపులో కలిపేసుకుంటున్నారని ఎలిజబెత్‌కు అర్థమైంది. మైకు అడిగింది. కల గురించి చెబుతుందనుకుని సందీప్ ఇచ్చేశాడు.

"నాకు ఏ కలా రాలేదు" అంది ఎలిజబెత్. బడిలో పాఠం చెప్పినట్టు నిదానంగా చెప్పాలని ఇంటి దగ్గర ఎంతో అనుకుని వచ్చింది. "ఈమె పేరు కమలాక్షమ్మ. ఈమెకు చిన్నప్పుడే మొగుడు పోయినాడు. ఆయనతోపాటు ఈమె పోలేదు. ముసలిదయ్యేదాకా బతికింది. దేశం కోసం జైలుకు పోయింది. ఈడ్నే హాస్టల్ పెట్టి మాలపిల్లలకు, మాదిగపిల్లలకు తన చేత్తో అన్నం పెట్టింది. నాకూ పెట్టింది. విధవరాలు బొట్టు పెట్టుకోగూడదంటే పెట్టుకునింది. అందుకే ఆ బొట్టు. ఈమె పేరంటాలు కాదు."

ఎవరైనా అరుస్తారనుకుంది. కొడతారేమోనని కూడా అనుకుంది. దానికి సిద్ధపడే వచ్చింది. అవేవీ జరగలేదు. ముందు వరుసలో కూర్చున్న ఊరి పెద్దాయన ఒకరు, చిన్నపిల్లకు చెప్పినట్టు ప్రేమగా చెప్పాడు.

"హాస్టల్ కమలాక్షమ్మ నాకు తెలుసు టీచరమ్మా. ఆమె మంచిదే, ఆమెను కాదన్నెవురు? రాయి ఆమె పేరునే కొట్టిచ్చినారు. దాంట్లోకి వచ్చి కూసున్న తల్లి వేరే."

జనం తలలూపారు. అంతా తేలిపోయిందన్నట్టు హారతి గంట మళ్లీ మొదలైంది. అబద్ధమంటే ఎదిరించవచ్చు. అవునంటూనే పక్కకు తోసేస్తే దేనితో పోట్లాడాలి? ఎలిజబెత్ వెనక్కి తిరిగి, బండల మీద కాలనీ ఆడవాళ్లలో ఉన్న శాంతమ్మను చూసింది.

"శాంతమ్మా, నువ్వు చెప్పు. నువ్వూ నేనూ ఈడ్నే పెరిగినాం గదా. పెద్దమ్మ మొగుడితోపాటు పోయిందా? మన నెత్తిన నూనె పెట్టి జడలేసింది ఎవురు?"

అందరూ శాంతమ్మ వైపు తిరిగారు. మెట్ల మీదనుంచి శ్రీవాణి చూస్తోంది. సందీప్ చూస్తున్నాడు. ఆ సందీప్ చేలోనే శాంతమ్మ కోడలు పనికి పోతోంది. శాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకు తెల్దు" అంది. "నేను చిన్నప్పుడే బడి మానేస్తి."

ఎలిజబెత్ చేతిలోంచి మైకు ఎవరు తీసుకున్నారో ఆమెకు తెలియలేదు.

బస్టాపు దాకా శాంతమ్మే చెయ్యి పట్టుకుని నడిపించింది.

"మా అక్షయకు డెంగీ వచ్చి నంద్యాల ఆస్పత్రిలో పడుంటే నువ్వూ చూస్తివి గదా" అంది శాంతమ్మ, రోడ్డు వైపు చూస్తూ. అక్షయ ఆమె మనవరాలు. "డాక్టర్లు చేతులెత్తేసినారు. చర్చిలో ప్రార్థన చేపిస్తి. ఈడ మొక్కుకుంటి. బిడ్డ లేచి కూసునింది. ఎవురు లేపినారో నాకెందుకు ఎలిజబెత్? నేను ఇద్దర్నీ ఇడవను."

"పెద్దమ్మనెట్ల ఇడిస్తివి?"

శాంతమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే, "పెద్దమ్మ పోయింది గదా. నేను ఈడ బతకల్ల" అంది.

నంద్యాలలో పెన్షను తీసుకుంటూ బతికే మనిషి, తుమ్మలదిన్నెలో కూలిచేసి బతికే మనిషికి ఏం చెబుతుంది? శాంతమ్మ ఆమె సంచిలో ప్రసాదం పొట్లం పెట్టి, బస్సెక్కించి, ఇంక రాబాకు అంది. కోపంతో అనలేదు.

బస్సు ఆళ్లగడ్డలో ఆగి మళ్లీ కదిలింది. పక్క సీట్లో ఒక పడుచు అమ్మాయి వచ్చి కూర్చుంది. ఒళ్లో చంటిబిడ్డ, బిడ్డ నుదుట పసుపు. ఎలిజబెత్ సంచిలోని పొట్లం చూసి పలకరించింది.

"తుమ్మలదిన్నెకు పోయొస్తాండావా అవ్వా? మేము కూడా ఆడికే పోయొస్తాండాం. బిడ్డకు అమ్మవారి పేరే పెట్టుకోవల్లని మొక్కుకుంటి. ఆడ ఎవుర్నడిగినా పేరంటాలమ్మ అంటారే గానీ అసలు పేరు చెప్పేవాళ్లు లేరు. నీకు తెలుసా, ఆమె పేరేందీ?"

పేరు ఎలిజబెత్ నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్లుగా ఎవరైనా ఒక్కరు ఈ ప్రశ్న అడిగితే చాలనుకుంది ఆమె. చంటిబిడ్డ పచ్చటి నుదురుతో తననే చూస్తోంది. ఇప్పుడు చెప్పిందా, రేపటినుంచి మొగుడితోపాటు చితికెక్కిన ఆ పతివ్రతకు కమలాక్షమ్మ అనే పేరు అతుక్కుపోతుంది. అందరూ ఆ పేరు పెట్టి ఆ కథే చెప్పుకుంటారు. ఆ తర్వాత ఎవరు వచ్చి ఏం చెప్పినా ఊడిరాదు. చెప్పలేదా, పేరైనా మైలపడకుండా ఉంటుంది. తనతోపాటే పోతుంది, పోతే పోనీ.

"తెల్దమ్మా" అంది ఎలిజబెత్. "ఆమెకు పేరు లేదంట."